ఓవెన్ తలుపు మీది రక్తం

శుక్రవారం, రాత్రి

సాయంత్రం అన్న మిల్లు నుంచి వచ్చి ఓవెన్ తెరిచినాడు. లోపల వదిన చేసిన కేకుల వెన్న మాడి అంటుకొని ఉంది. "ఏమిది, బొగ్గుల బట్టీనా?" అని ఇనుప ట్రే లాగి ఆమె మీదికి విసిరినాడు. వదిన నుదురు చీలి, ఓవెన్ తలుపు మీద రక్తం చిందింది.

"పొద్దున్నకు ఇది మెరవాల. లేదంటే తళవాయిపురం బస్సెక్కి మీ అమ్మ దగ్గరికి పో" అని వదినతో అన్నాడు.

అన్న మిల్లు నుంచి తెచ్చే బ్యాండేజి గుడ్డ ముక్కలతోనే మా ఇంట్లో అన్నీ తుడుస్తాం. ఒక ముక్క వదిన తలకు కట్టినాను. నా బుక్కులో చదివినట్టు ఇంకొక ముక్కతో వంటసోడా ముద్ద ఓవెన్ లోపల పూసినాను. రాత్రంతా నానితే, పొద్దున వెనిగర్ చల్లి తుడిస్తే చాలు.

"మనిషిని నానబెట్టే సోడా నీ బుక్కుల్లో ఉందా పాపా?" అని వదిన నవ్వింది. కట్టు ఇంకా ఎర్రగయింది.

తలుపు మీది రక్తం నేను ముట్టలేదు. "అదెందుకు వదిలినావు?" అని అన్న అరిచినాడు.

"అది నువ్వు చేసింది. నువ్వే తుడువు అన్నా."

కాన్వెంటులో చదివేటప్పుడు కూడా నేను ఎవరికీ ఎదురు చెప్పలేదు, ఇదే మొదటిసారి. అన్న మళ్లీ ట్రే ఎత్తినాడు. నేను కదల్లేదు. వదిన వచ్చి నా పక్కన నిలబడింది. అన్న ట్రే కింద పడేసి బయటికి పోయినాడు.

రక్తం ఎండిపోతా ఉంది. పొద్దున అది తుడిచే గుడ్డ ఎవరి చేతిలో ఉంటుందో...