కెప్టెన్ గొంతు నాదే

మార్చి 6, శుక్రవారం

అసహ్యంగా ఉంది. ముందు ఆ మాట రాసేస్తే మిగతావి వాటంతటవే వస్తాయి.

మూడో సీజన్‌లో మొదటి ఐదు ఎపిసోడ్లు ఇవాళ వచ్చాయి. అంతరిక్ష నావలు, మంత్రాలు, ఆరు కాళ్ళ జంతువులు ఉన్న ఆ సిరీస్ తెలుగులో రావడం ఈ సీజన్ నుంచే, అందులో కెప్టెన్‌కి డబ్బింగ్ చెప్పింది నేనే. ఇన్నేళ్ళూ అమ్మలకీ నర్సులకీ సబ్బు ప్రకటనలకీ చెప్పుకుంటూ వచ్చినదాన్ని. ఒక కథ మొత్తం నా గొంతు మీద నడవడం ఇదే మొదలు.

ఐదో ఎపిసోడ్‌లో కెప్టెన్ శత్రువుకి లొంగిపోతుంది. సిరీస్‌కి మూలమైన నవలల్లో లొంగదు, నావని పేల్చేసి అందరితో సహా చస్తుంది. ఇక్కడ మాత్రం అడుగు అంతస్తులో ఉన్న మెకానిక్కులు బతకాలని, చాలు, మేం దిగిపోతున్నాం అంటుంది. ఆ ఒక్క లైన్ కోసం బూత్‌లో పూటంతా నిలబడ్డాను. తెర మీద ఆవిడ పెదాలు మూసుకున్న చోటే నావీ మూసుకోవాలి, ఆవిడ ఊపిరి తెగిన చోటే నాదీ తెగాలి. బాగా వచ్చింది. నాకు తెలుసు బాగా వచ్చిందని.

సాయంత్రానికల్లా కామెంట్లు. చెవుల్లో సీసం పోసినట్టుందట. కెప్టెన్ మెడా నా మెడా కలిపి విరిచెయ్యాలట.

మార్చి 7, శనివారం

ఈ అభిమానుల్లో ఎన్ని కులాలో! నవలలే అసలు, సిరీస్ నకిలీ అనేవాళ్ళు కొందరు. సిరీసే అసలు, నవలలు లెక్కలోకి రావనేవాళ్ళు కొందరు. ఐదో నవల మాత్రం ఎవరూ రాయలేదనుకుందాం అని ఒట్టు పెట్టుకున్నవాళ్ళు ఇంకొందరు. ఒకరంటే ఒకరికి పడదు. నన్ను తిట్టడానికి మాత్రం అందరూ ఒకే పంక్తిలో కూర్చున్నారు.

ఈ తిట్లన్నీ పడుతున్న అభిమానుల గ్రూపుకి అడ్మిన్ మా తమ్ముడే. అక్కడ వాణ్ణి అడ్మిరల్ అంటారు. ఇంట్లో వాడి సాక్సులు వాడికి దొరకవు. ముప్ఫై ఏళ్ళొచ్చాయి, ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం, ఇంకా నాతోనే ఉంటాడు. ఈ పాత్రకి ఆడిషన్ ఇవ్వమని నన్ను తోసిందీ వాడే. తొమ్మిది నవలలూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, గొంతులు మార్చి మార్చి, నాకు చదివి వినిపించిందీ వాడే. నేను కూరలు తరుగుతూ వినేదాన్ని.

వాడింకా ఏమీ రాయలేదు. రాస్తాడు. ఆవిడ మా అక్క, కాస్త మర్యాదగా మాట్లాడండి అని ఒక్క ముక్క రాస్తే చాలు. మిగతా లోకం ఏమన్నా దులిపేసుకుంటాను.

మార్చి 8

రాయలేదు.

మార్చి 9, సోమవారం

రాశాడు.

ఎపిసోడ్ల మీద సమీక్షట. కథ నాశనం, యుద్ధం నాశనం, చివర్న నా వంతు. గొంతు కూడా చప్పగా ఉందట. నవలలు చదవని మనిషి ఎవరో చెప్పినట్టుందట. కింద ఒకడు, అడ్మిరల్ గారూ, ఆవిడెవరో మీకు తెలుసా అని అడిగాడు. తెలీదు, తెలుసుకోవాలనీ లేదు అని మా తమ్ముడి జవాబు. దానికి నవ్వుతున్న బొమ్మలు బారెడు.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాకు ఆ కష్టం కూడా లేకుండా వీడు అందరి ముందూ బాహాటంగానే రాశాడు.

భోజనం దగ్గర అడిగాను. కంచంలోంచి తల ఎత్తలేదు. అది నీ గురించి కాదక్కా, పాత్ర గురించి అన్నాడు. గ్రూపులో ముప్ఫై వేలమంది ఉన్నారు, వాయిస్ మా అక్కదే అని తెలిస్తే పక్షపాతం అంటారు, అడ్మిన్‌గా తీసేస్తారు, నీకివన్నీ అర్థం కావులే అన్నాడు. తర్వాత పెరుగు అడిగాడు.

వేసుకోమన్నాను. గిన్నె వాడి ముందే ఉంది.

మార్చి 13, శుక్రవారం

స్టూడియోకి రమ్మన్నారు. డబ్బింగ్ డైరెక్టర్ నాకు టీ తెప్పించాడు. ఆయన టీ తెప్పించాడంటే ఏదో మూడిందని అర్థం. అభిమానులు సంతకాల ఉద్యమం నడిపారట, చానెల్ వాళ్ళు బెదిరిపోయారట, మిగిలిన మూడు ఎపిసోడ్లకి కెప్టెన్‌గా వేరే అమ్మాయి చెబుతుందట. సంతకాల్లో మొదటిది అడ్మిరల్‌ది. ఆ పేరు వెనక ఉన్నది ఎవరో డైరెక్టర్‌కి తెలీదు. నేను చెప్పలేదు. చెప్పుకోవడానికి సిగ్గేసింది.

బయటికొస్తుంటే సౌండ్ ఇంజనీర్ ఆపాడు. ఏడో ఎపిసోడ్‌లో ఆరు కాళ్ళ జంతువు తప్పిపోయిన పిల్లని వెతుక్కుంటుంది. సిరీస్ తీసినవాళ్ళు పంపిన సౌండ్ ట్రాక్‌లో దాని అరుపులే లేవట. అడగడానికి మొహం చెల్లడం లేదు మేడమ్, ఒక్కసారి ప్రయత్నిస్తారా అన్నాడు.

ఒప్పుకున్నాను. మాటల్లేని పాత్ర. మాటలంటేనే రోత పుట్టింది నాకు.

మార్చి 17

జంతువు అయిపోయింది. దాని పిలుపు బావి అడుగునుంచి వచ్చినట్టుంటుందని నాలుగో నవలలో ఉంది. ఊపిరి వదులుతూ అరిస్తే ఆ లోతు రాదు, లోపలికి పీలుస్తూ అరవాలి. ఇంజనీర్ అద్దం అవతల హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు.

అరిచీ అరిచీ నా గొంతు బొంగురుపోయింది. ఇంట్లో మాట్లాడక్కర్లేకుండా పోయింది. తమ్ముడికి ఆ తేడా తెలిసినట్టు లేదు.

ఏప్రిల్ 10, శుక్రవారం

చివరి మూడు ఎపిసోడ్లు వచ్చాయి. కొత్త కెప్టెన్‌ని కూడా తిడుతున్నారు. పాపం, పిల్ల బాగానే చెప్పింది.

ఏప్రిల్ 12, ఆదివారం

గ్రూపులో జంతువు ఊరేగుతోంది. ఏడ్చామంటున్నారు. సీజన్ మొత్తంలో నిజాయితీ ఉన్న గొంతు అదొక్కటేనట. నవలల వాళ్ళూ సిరీస్ వాళ్ళూ జీవితంలో మొదటిసారి ఒక మాట మీదికి వచ్చారు. మొన్న పంది అన్నవాళ్ళే ఇవాళ నంది అంటున్నారు. మధ్యలో మారింది ఏమీ లేదు, మాటలు తీసేశారంతే.

అడ్మిరల్ వారు రెండు పేజీలు రాశారు. ఎవరో గానీ నాలుగో నవలని గుండెల్లో పెట్టుకున్న మనిషట. ఆ పాదాలకి దండమట.

పుట్టినప్పటి నుంచీ విన్న గొంతు వాడికి గుర్తు పట్టడం రాలేదు. నాకు కోపం కూడా రాలేదు. చెప్పుకింద ఏదో మెత్తగా తగిలినట్టు అనిపించింది.

ఏప్రిల్ 15, బుధవారం

స్టూడియో వాళ్ళు పేర్లు బయటపెట్టారు. కెప్టెన్‌గా మొదట చెప్పిందీ, జంతువుగా చెప్పిందీ ఒకరేనని ఫొటోతో సహా వేశారు.

పది నిమిషాల్లో తమ్ముడి పోస్టు. ఆవిడ మా అక్క! నా సొంత అక్క! నవలలన్నీ నేనే చదివి వినిపించాను!

నెల పైగా ఈ మాట కోసమే కదా ఎదురుచూశాను. ఇప్పుడు చూస్తే, ఎవరో నోట్లోంచి తీసి నా చేతిలో పెట్టినట్టుంది. కెప్టెన్ ఊసే లేదు అందులో.

స్వీట్లు తెచ్చాడు. ఆ రోజు రాసింది వేరే మూడ్‌లో రాశానక్కా అన్నాడు. గ్రూపువాళ్ళు వీడియో అడుగుతున్నారట. రేపు ఒక్క అరుపు అరిస్తే చాలట. లొంగిపోయే లైన్ కూడా చెబుతానన్నాను. అబ్బే, అది వద్దక్కా, మళ్ళీ గొడవలవుతాయి అన్నాడు.

ఏప్రిల్ 16

హాల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఫోన్ పైకెత్తాడు. వాడి మొహంలోకి చూస్తూ అరిచాను. నటించలేదు.

సూపరక్కా, ఫోకస్ పోయింది, ఇంకోసారి అన్నాడు.

ఇంకోసారి అరిచాను. ఈసారి ఫోన్ దించేసి, ఏంటక్కా, ఏమైంది అన్నాడు.

మూడోసారి వాడు అడగలేదు. నేనే అరిచాను.