పడమటి గోడకే బిగించాలి

నందికొట్కూరు దగ్గర చేనింటి నుంచి

కర్నూలు సౌండ్ షాపు అక్రమ్‌కు వందనాలు.

నా పేరు జయపాల్. లెక్కల మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. నువ్వు నా దగ్గర చదవలేదు కాబట్టి భయపడే పని లేదు.

బండ తీసిన గుంత మీద ఇల్లు కట్టడంతో మాకు కింద ఒక గది ఊరికే కలిసొచ్చింది. ఎండలకు ఊరంతా మాడిపోతున్నా అక్కడ చల్లగా ఉంటుంది. అందులో హోమ్ థియేటర్ పెట్టాలి. తెర ఎక్కడ కట్టినా నాకు అభ్యంతరం లేదు. ఆంప్లిఫయరు, ప్లేయరు, ఆ దడదడలాడే పెద్ద పెట్టె మాత్రం పడమటి గోడకే బిగించాలి.

మా ఆవిడ కృపమణి చర్చి క్వైర్‌లో ముందు నిలబడి పాడేది. ఏడాదిగా ఆమె నోట పాట లేదు. ఆదివారం గుడికి పోతుంది, పెదవులు బిగించుకుని కూర్చుంటుంది, ఇంటికొస్తుంది. పాత పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి కింద గూట్లో పెట్టాను. తన గొంతు తానే వింటే మళ్లీ పాడుతుందని నా ఆశ. ఆ పాట ఇంకొక్కసారి వినేదాకా నాకు నెమ్మది లేదు.

ఇట్లు,
జయపాల్

తా.క. ఇంటికొస్తే ఆవిడతో వాదానికి దిగకు. పెళ్లయిన నాటి నుంచి ప్రయత్నించాను, ఒక్కసారీ గెలవలేదు.

—

జయపాల్ సార్‌కు సలాం.

పొద్దున షట్టర్ ఎత్తితే మీ ఉత్తరం లోపల పడి ఉంది. ఈ రోజుల్లో ఆర్డరు ఉత్తరంలో రావడం చూసి మా షాపులో అందరూ దాన్ని చేతులు మార్చుకుని చదివారు.

సార్, పెట్టెలు పడమటి గోడకు వద్దు. ఆ గోడ వెనకంతా మట్టే కదా. చెదలు పడతాయి. గాలి ఆడక ఆంప్లిఫయరు కాలిపోతుంది. పెద్ద పెట్టె దడదడంతా మట్టిలోకి పోయి వృథా అవుతుంది. మెట్ల కింద పెట్టుకుంటే ప్లగ్గు దగ్గర, తీగలు కనబడవు, మిషన్ల దీపాలు తెరకు అడ్డం రావు. ఇంతకీ మీరు ఎక్కడ కూర్చుని వింటారో చెప్పండి, రిమోట్ అందాలి.

మీ
అక్రమ్

తా.క. మీ ఉత్తరం విప్పితే ఎర్రమట్టి రాలింది, అదీ కొత్త ఆంప్లిఫయరు మీద. ఈసారి కాస్త దులిపి పంపండి.

—

అక్రమ్‌కు వందనాలు.

మెట్ల కింద కృపమణి ఉల్లిగడ్డలు పోస్తుంది. వాటిని కదిలించే ధైర్యం నాకు లేదు, నీకు ఉంటుందని నేననుకోను. చెదల సంగతి నువ్వు చెప్పక్కర్లేదు, నాకు బాగా తెలుసు. అవి ఇంకా ఇక్కడిదాకా రాలేదు. దడదడ మట్టిలోకి పోతే వృథా ఎందుకవుతుంది? పోనీ.

నేను కూర్చోను, పడుకుని వింటాను. గోడకవతల మేమిద్దరం ముచ్చటపడి కట్టించుకున్న చిన్న గది ఉంది. కింద కడప బండ పరిపించాం. అక్కడికి వినపడాలి.

ఇట్లు,
జయపాల్

తా.క. మట్టి గురించి క్షమించు. ఎంత దులిపినా ఇక్కడ అదే ఉంది.

—

జయపాల్ సార్‌కు సలాం.

ఇప్పుడర్థమైంది! గోడకవతల మీ పడకగది. ముందే చెబితే నేనింత ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి కాదు. అయితే గోడకు చిన్న కిటికీ కొట్టిస్తే మీకు పాటా వస్తుంది, గాలీ వస్తుంది. ఉత్త బండ మీద పడుకుంటే నడుము పట్టేస్తుంది సార్. మా దగ్గర వెనక్కి వాలే కుర్చీలున్నాయి, కాళ్లు కూడా చాపుకోవచ్చు. సోమవారం కొలతలకు వస్తాను. అమ్మగారితో ఒక మాట చెప్పి ఉంచండి.

మీ
అక్రమ్

తా.క. ఆ గదికి ఫ్యాన్ ఉందా?

—

అక్రమ్‌కు వందనాలు.

కిటికీ వద్దు. కుర్చీ వద్దు. ఫ్యాను లేదు, అవసరం పడలేదు. నడుము నొప్పి పోయి ఏడాదైంది.

తప్పకుండా రా. కృపమణికి చెప్పడం మాత్రం నా వల్ల కాదు. ఈ మధ్య నా మాట ఆవిడకు చేరడం లేదు.

ఇట్లు,
జయపాల్

తా.క. మజ్జిగ ఇస్తే తాగు. వద్దంటే నొచ్చుకుంటుంది.

—

జయపాల్ సార్‌కు,

సలాం చెప్పడానికి కూడా నోరు రావడం లేదు.

సోమవారం వచ్చాను. తెల్లచీర కట్టుకున్న అమ్మ తలుపు తీసింది.

"ఎవరప్పా నువ్వు?"

"సౌండ్ షాపు నుంచి వచ్చినానమ్మా. సారు రమ్మన్యాడు. కింద గది కొలుచుకోవల్ల."

ఆమె తలుపు పట్టుకుని నా వంకే చూస్తూ నిలబడింది.

"సారు చెప్పినాడా? ఆయన చెప్పింటే ఇంగ నేను కాదనేదేముండాది. కొలుచుకో పో."

కొలుచుకున్నాను. కింద చల్లగా ఉందన్నారు, నిజమే, ఆ పడమటి గోడ దగ్గర మరీ చల్లగా ఉంది. చెయ్యి ఆనిస్తే వేళ్లు జిల్లుమన్నాయి. పైకొచ్చి మజ్జిగ తాగి అడిగాను.

"సారు యాడుండాడమ్మా?"

"ఎనకాల ఉండాడు. పొద్దస్తమానం ఆడనే."

మిమ్మల్ని పలకరిద్దామని వెనక్కి పోయాను. పడకగది లేదు. సున్నం కొట్టిన సమాధి ఉంది, దాని మీద సిలువ. నల్లరాతి మీద పెద్ద అక్షరాలతో కృపమణి అని అమ్మ పేరు! టేపు, చెప్పులు, హెల్మెట్ అక్కడే వదిలేసి రోడ్డు దాకా పరిగెత్తాను. చనిపోయిన మనిషి చేతి మజ్జిగలో ఉప్పు అంత సరిగ్గా ఎలా పడింది సార్? అది తలచుకుంటేనే నాకు చలిజ్వరం వస్తోంది. ఈ ఆర్డరు నేను చెయ్యలేను.

అక్రమ్

తా.క. హెల్మెట్ పంపించండి. వద్దులెండి, మీరే ఉంచుకోండి.

—

ఓరి పిచ్చి నాయనా,

సగం చదివి లెక్క తేల్చేసే పిల్లలను చాలామందిని చూశాను, నీలాంటివాణ్ణి చూడలేదు.

మావాళ్లలో కొందరు బతికుండగానే సమాధి కట్టించుకుంటారు. భార్యాభర్తలకు ఒకటే. పేర్లు, పుట్టిన తేదీలు ముందే చెక్కించి, రెండో తేదీకి చోటు వదులుతాం. నేను చెప్పిన చిన్న గది అదే. ఆ రాయి చెక్కించేటప్పుడు కృపమణి పక్కనే నిలబడి తన పేరు అక్షరాలు ఇంకా పెద్దవి కావాలని పేచీ పెట్టింది. ఆమె పేరు కింద రెండో తేదీ ఉందేమో పోయి చూసుకో. ఆవిడ నిక్షేపంగా ఉంది. నిన్ననే ఉల్లిగడ్డల దగ్గర పందికొక్కును చీపురుతో తరిమింది.

నా బాధ ఒక్కటే. నువ్వు మానేస్తే ఆ ఇల్లు అట్లాగే మూగగా ఉండిపోతుంది. నువ్వొచ్చి పెట్టిపోతే ఆమె పాడుతుంది. దయచేసి రా. నీకంటే వేరే దారి లేదు నాకు.

ఇట్లు,
జయపాల్

తా.క. నీ హెల్మెట్ క్షేమం. అందులో ఒక తొండ కాపురం పెట్టింది, అంతే.

—

జయపాల్ సార్‌కు సలాం.

ఈ ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలో తెలియక చాలా కాగితాలు పాడుచేశాను.

మీ మాట మీద సామానంతా ఆటోలో వేసుకుని మళ్లీ వచ్చాను. ముందు సమాధి దగ్గరికే పోయి అమ్మ పేరు కింద చూశాను. రెండో తేదీ లేదు. గుండె కుదుటపడి, నా వెనకే వచ్చిన అమ్మకు ఆ రోజు ఎందుకు పారిపోయానో చెప్పాను. "నన్ను దయ్యమనుకుంటివా?" అని కడుపు పట్టుకుని నవ్వింది.

అప్పుడు చూశాను రాతికి అవతలి సగం. దాని మీద కాగితాల కట్ట, పైన బరువుకు ఒక రాయి. అన్నీ నేను మీకు రాసిన ఉత్తరాలే. అతికించినవి అతికించినట్టే ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు.

"ఆయన పేరున వచ్చినేటివి నేను శించనప్పా," అంది అమ్మ. "తెచ్చి ఈడ పెడతా. ఆయనవి ఆయనకే."

రాయి తీశాను, కట్ట తీశాను. కింద మీ పేరు ఉంది. రెండు తేదీలూ ఉన్నాయి. రెండోది పోయిన ఏడాది ఎండాకాలానిది.

నా ప్రశ్నలన్నిటికీ మీరు జవాబులు రాశారు సార్. చివరిది నా జేబులోనే ఉంది. మడత విప్పితే మట్టి ఇంకా తడిగా ఉంది. దాన్ని అమ్మ వైపు చాపాను. అమ్మ ఆ ఉత్తరం తీసుకుని చదివింది. భయపడుతుందనుకున్నాను. ఏడ్చింది. చాలాసేపు ఏడ్చి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇది ఆయన రాతే. ఏది యాడ పెట్టల్లో ఆయన చెప్పేది, నేను కాదనేది, బతికినన్నాళ్లూ ఇదే సరిపాయ. ఈ ఒక్కటి ఆయన చెప్పిన తావునే పెట్టు నాయనా."

పడమటి గోడకే బిగించాను. చెదల మందు కొట్టి, గోడకూ పెట్టెలకూ మధ్య గాలి సందు వదిలాను. గూట్లోని పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేశాను. క్వైర్ పాట మొదలైంది, అందరి గొంతులకూ పైన అమ్మ గొంతు. మొదటి చరణం అయ్యేదాకా ఆమె గోడ వంకే చూస్తూ ఊరికే నిలబడింది. రెండో చరణానికి పెదవులు కదిలాయి. మూడో చరణం గట్టిగానే పాడింది. పాడుతూనే పోయి గోడకు అరచెయ్యి ఆనించింది. నాకు ఒళ్లంతా జలదరించింది. అయినా ఈసారి పారిపోలేదు.

పాట మధ్యలో ఆపి నా వైపు తిరిగింది.

"ఇంగా సౌండు పెంచప్పా. ఆయనకు శెవుడు."

మీ
అక్రమ్

తా.క. మిషన్లకు వారంటీ ఉంది. ఏ తేడా వచ్చినా ఉత్తరం రాయండి సార్, పరిగెత్తుకుంటూ వస్తాను. మీరు మాత్రం షాపుకు రావద్దు.