తవ్వే ముందు చెప్పండి

ఏవండీ,

నీళ్ళవాళ్ళనీ, కరెంటువాళ్ళనీ, కేబుల్‌వాళ్ళనీ కలిపి, ‘తవ్వే ముందు చెప్పండి’ అని మీరొక వాట్సాప్ గ్రూపు నడిపేవారు కదా. గచ్చిబౌలిలో కేబుల్‌వాళ్ళు చెప్పకుండా తవ్విన గుంతలోనే మీరు బైకుతో పడి చనిపోయారు.

ఇవాళ మీ సంవత్సరీకం. మున్సిపల్ ఆఫీసులో మీ అసిస్టెంటు నర్సింగ్ వచ్చాడు. గుర్తుపెట్టుకున్నాడనుకుని విస్తరి వేయబోయాను.

“తినుడు తర్వాత వదినా. జర అన్న ఫోనిస్తరా? గ్రూపుల అడ్మిన్ అన్నొక్కడే. కొత్తోళ్ళను కలుపుడు అయితలేదు.”

నేను రోజూ ఛార్జింగ్ పెడుతున్న ఫోన్ ఇచ్చాను. నర్సింగ్ అందులోంచి కేబుల్‌వాళ్ళ సారును అడ్మిన్‌ని చేశాడు. ఆ సారు ముందుగా చేసిన పని, మిమ్మల్ని గ్రూపులోంచి తీసేయడం.

గుంత సంగతి కేబుల్‌వాళ్ళు ఎవరికీ చెప్పలేదు. మిమ్మల్ని తీసేసిన సంగతి మాత్రం గ్రూపులో అందరికీ వెంటనే తెలిసింది.