తగినంత ఉప్పు

జగ్గయ్యపేట,
15 మార్చి 2025

గౌరవనీయులైన వాజిదా వదినగారికి,

అస్సలాము అలైకుం. అల్లా దయవల్ల మీరూ, అన్నయ్యగారూ రంజాన్ రోజాలు సుఖంగా ఉంటున్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా బాగున్నాం. మీకు కావలసిన మాట ముందే రాసేస్తున్నా. మీ ఇర్ఫానా వంట నిన్న గట్టెక్కింది. ఇక మీరు నిశ్చింతగా నిద్రపోండి.

జనవరిలో నిఖా అయిన మర్నాడు మీరు నా చెయ్యి పట్టుకుని, పిల్ల చదువులో పడి పొయ్యి దగ్గరికే రాలేదు, ఏమీ అనుకోవద్దు అన్నారు. ఇప్పటికీ ఫోన్ చేస్తే మొదట అడిగేది అదే. ఫోన్లో చెబుదామంటే మీ ఇంట్లో స్పీకర్ పెట్టి అందరూ వింటారు. అందుకే మా అబ్బాయి నౌషాద్ మీ నందిగామ వస్తుంటే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నా.

నిన్న శుక్రవారం మసీదుకి ఇఫ్తార్ గంజి పంపే వంతు మాది. నేను వండుతానని పిల్లే ముందుకొచ్చింది. మీరిచ్చి పంపిన వంటల పుస్తకాలు రెండూ ముందేసుకుని కూర్చుంది. నూకలు, పెసరపప్పు, కీమా అన్నీ వివరంగా రాశారు గానీ, ఉప్పు దగ్గర మాత్రం రెండింట్లోనూ తగినంత అనే ఉంది.

"తగినంత అంటే ఎంత అత్తయ్యా?" అంది.

రోజాలో ఉపవాసం ఉండి నోట్లో వేసుకుని చూడలేం కదా. నాలుక చివర తగిలించి ఉమ్మేయొచ్చంటారు గానీ మా ఇంట్లో ఆ అలవాటు లేదు. అంతమందిలో మామయ్య పరువు పోతుందని పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడు బీరువాలోంచి ఇంకో చిన్న పుస్తకం తీసిచ్చాను. కొత్తగా వంట నేర్చుకునేవాళ్ల కోసం రాసింది. గ్లాసు నూకలకి ఇన్ని చెంచాల ఉప్పు అని, చెంచా పైన సమంగా గీసి వెయ్యమని కూడా ఉంది. అలాగే గీసి గీసి వేసింది. మా ఆయన గుమ్మంలో నిలబడి, బంగారం తూస్తున్నావా అమ్మా అని ఆటపట్టించారు.

గంజి మా ఆయన మసీదుకి తీసుకెళ్లారు. అజాన్ అయ్యి ఖర్జూరం నోట్లో పెట్టుకున్నామే గానీ, మనసంతా మసీదు దగ్గరే. మా ఆయన ఖాళీ గిన్నె ఊపుకుంటూ వచ్చి, "ఈసారి ఉప్పు కుదిరింది. అడిగి మరీ పోయించుకున్నారు" అన్నారు. పిల్ల గోడకి చేరగిలబడి నవ్వేసింది.

అన్నయ్యగారికి నా సలాం చెప్పండి. దువాలో మమ్మల్ని మరవకండి.

మీ వదిన,
జాకియా

తా.క.: ఇది మీరొక్కరే చదవండి. ఆ చిన్న పుస్తకం కోడలి కోసం కొన్నది కాదు. పోయిన రంజాన్‌కి ముందు చలికాలంలో జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ నా నాలుకకు ఉప్పూ కారమూ తెలియడం లేదు. ఆ రంజాన్‌లో నేను పంపిన గంజి సగం తిరిగొచ్చింది. మా ఆయన ఒక్క మాటా అనలేదు. నాకే సిగ్గేసి ఆ పుస్తకం కొనుక్కుని, ఎవరూ లేనప్పుడు చూసి వండుతూ వచ్చాను. నిన్న మాకని ఉంచుకున్న గంజి తింటుంటే, ఎలా ఉంది అత్తయ్యా అని అడిగింది పిల్ల. ఈ నెలలో అబద్ధం ఆడలేక చెప్పేశాను. పండగయ్యాక రుచి చూసే పని నాది, మిగతాది మీరు నేర్పండి అంది. రుచి తెలియకపోయినా, చాన్నాళ్లకి కడుపునిండా తిన్నాను వదినా.