చారల గల్లీలో మన నీలం ఇల్లు

విజయకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మెట్‌పల్లిలో నువ్వూ, బాలింత బిడ్డా, పసిదీ బాగున్నారని తలుస్తాను. నీకొక సంగతి చెప్పాలి, ఫోన్లో మొదలుపెడితే నువ్వు మధ్యలో అరుస్తావు, నేను సగంలో మర్చిపోతాను. అందుకే రాస్తున్నా.

గ్రైండర్ గురించి అడిగావు, బాగైంది. సర్వపిండి నేనే చేస్తున్నా. అంచులు మాడుతున్నాయి. అయినా మన దుకాణానికొచ్చే మిల్లువాళ్లు మొహమాటానికి కొని తింటున్నారు.

తాపీ నది ఒడ్డున ఇళ్లు కూల్చి మళ్లీ కట్టే కొత్త ప్లాను ఏమైందన్నావు. నాకే తలాతోకా తెలియడం లేదు. గల్లీ మొగదల నక్షా అంటించారు. పసుపు ఇళ్లకట, నీలం దుకాణాలకట, చారలు రెండూ కలిసినవాటికట. కట్టాక నది వైపు గోడలన్నిటికీ ఒకే రంగు వేస్తారట, ఎందుకో మరి. ప్లాను ఆఫీసు తరఫున నక్షా చూపించే హారతి ఈ ఊళ్లోనే అడాజన్ పేటలో పెరిగిన తెలుగు పిల్ల.

"అంకుల్, కింద దుకాణ్, పైన ఘర్. అట్లున్నోళ్లకు కొత్తగ కట్టినంక మళ్లీ రెండూ ఇస్తరు," అంది.

"మాది పద్నాలుగేండ్ల సంది గట్లనే ఉన్నది గదమ్మా!"

ఆ పిల్ల కాగితం తీసి చూసింది. "మీది ఒట్టి దుకాణ్ అని రాసుంది అంకుల్."

చారల గల్లీలో మనదొక్కటే నీలం. అంటే ఎక్కడో ఒక దుకాణం మడిగె మాత్రం ఇస్తారు, మనముండే పైగది పోతుంది.

ఇక దాచలేను. పోయిన వారం సర్వే ఆయన వచ్చేముందు, ఇంట్లో పొయ్యి పెట్టి వండి అమ్మేవాళ్ల దుకాణాలకు సీలు వేస్తారని పక్కింటి సంపత్ భయపెట్టాడు. పరుపులూ నీ చీరలూ మూటకట్టి ఊరవతల సచిన్ పేటలో మన నరేశ్ గదిలో పడేశాను. ఇక్కడ ఎవరూ ఉండరని సర్వే ఆయనకు చెప్పాను. భార్యాపిల్లలు ఎక్కడని అడిగితే, నాకెవరూ లేరన్నాను. సంతకం కూడా పెట్టాను.

నిన్న హారతికి నిజం చెప్పుకున్నాను. నెలాఖరులోగా దిద్దవచ్చట. కానీ నేనొక్కణ్ణే పడుకుంటే కాపలావాడి కింద రాస్తారట. కుటుంబం కళ్లకు కనబడితేనే ఇల్లట. నేనున్నది ఇల్లెందుకు కాదో నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి పైగదిలో కూర్చున్నాక మాత్రం ఆ పిల్ల మాట నిజమేనేమో అనిపించింది.

పసిదాని తొట్టెల పండుగ కాగానే బయలుదేరు. నాకెవరూ లేరన్నందుకు తిట్టడానికైనా రా.

ఇట్లు,
నీ పెనిమిటి
లక్ష్మీరాజం