సున్నం మీద కాళ్ళ గుర్తులు

1998 శ్రావణం, గురువారం రాత్రి

మూడు రోజులుగా తట్టల్లో పట్టుపురుగులు తగ్గిపోతున్నాయి. "తలుపు మూసే ఉండాది కదమ్మా, ఎలుక యాడనుంచి వస్తుంది? బల్లి తినింటుంది" అంది అత్త. నేను నమ్మలేదు. నిన్న సాయంత్రం, తట్టల్లో చల్లే సున్నం పొడినే పురుగుల గది నేలంతా పల్చగా చల్లాను.

పొద్దున చూస్తే సన్నటి కాళ్ళ గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత. గోడవారన నల్లటి ఎలుక పెంటికలు. పుల్లతో నొక్కితే మెత్తగా ఉన్నాయి, అంటే కొత్తవి.

వీధి తలుపు వైపు ఒక్క గుర్తూ లేదు. అన్నీ మేం పడుకునే గదిలోంచి వచ్చినవే. అక్కడ రాగిమూటలు జరిపితే గోడలో బొక్క.

పాప చాప ఆ మూటల పక్కనే. మొన్న దాని బొటనవేలి మీద గాటు చూసి, చీమ కుట్టిందనుకుని, కొబ్బరినూనె రాసి మళ్ళీ అక్కడే పడుకోబెట్టాను.