లేవికి రాసిన చేను

పత్తికొండ తాలూకా బండపల్లె కాపురస్తురాలు, కీర్తిశేషుడు ఈరన్న భార్య హులిగెమ్మ రాయించిన వీలునామా.

నాకు పడిపోయింది కాళ్లే, బుద్ధి నిలకడగానే ఉంది. ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్నాను. ఒత్తిడి చేయాలని చూసినవాళ్లు వాకిట్లోనే ఉన్నారు. నాకు సంతానం లేదు. ఈ ఆస్తి పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చినది, నా ఇష్టం వచ్చినవారికి ఇచ్చుకుంటాను.

1. ఇల్లు మరిది కొడుకు మారెన్నకు. రోజూ కాళ్లు పిసికేవాడు, పిసుకుతూ పైన దూలాలు చూసుకునేవాడు. దూలాలతో సహా తీసుకోమనండి.

2. బర్రె తోడికోడలు నాగక్కకు. జబ్బులో సంకటి తెచ్చిపెట్టింది, తెచ్చినప్పుడల్లా నా మెడలో బంగారు గుండ్లదండ చూసింది. దండ ఆమెకు ఇవ్వను. అమ్మి నా దినాలు చేయండి.

3. ఊరికి ఏమీ లేదు. కరువులో గంజి పోసిన పెద్దమనిషి గంజితొట్టి మీద తన పేరు చెక్కించుకున్నాడు. సామెతలో శెట్టినొక్కడినే అంటారు గానీ, లాభం లేనిదే ఎవడూ వరదన పోడు.

4. పడమటి చేను లేవికి. ఇతడు క్రైస్తవుల్లో కలవకముందు తేలు మంత్రం వేసేవాడు. మంత్రగాడు ప్రతిఫలం ముడితే మంత్రం పారదట. నన్ను తేలు కుట్టినప్పుడు విషం దింపి, మజ్జిగ కూడా తాగకుండా పోయాడు. ఊరంతా మెచ్చుకుంటే, అది మంత్రం పోతుందన్న భయమే, ఉపకారం కాదని నేను అన్నాను. తర్వాత బాప్తిస్మం తీసుకుని, పాస్టరు వద్దంటే మంత్రం మానేశాడు. పోయిన ఎండాకాలం పిడకల దగ్గర మళ్లీ తేలు కుట్టింది. పిలవకుండానే వచ్చాడు. చింతగింజ అరగదీసి అంటించి, మంట దిగేదాకా నా పాదం పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు పోవడానికి మంత్రం లేదు కదా, మజ్జిగ తాగమన్నాను. "దప్పి కాలేదు లేమ్మా" అని ఎండలో వెళ్లిపోయాడు. తేలు మంట ఆ పూటే తగ్గింది, ఈ మాట మంట ఇంకా తగ్గలేదు. అందుకే ఈ చేను. తీసుకున్నాడా, నా మాటే గెలిచినట్టు.

5. పైది చదివి వినిపించగానే లేవి "సాక్షి ఏలిముద్ర నేనేస్తానమ్మా" అన్నాడు. సాక్షికి వీలునామాలో ఏదీ చెల్లదని దస్తావేజు రాసే రసూల్ సాహెబ్ అంతకుముందే చెప్పాడు. అది విన్నాడు కాబట్టే అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అతడు వేలికి సిరా పూసుకున్నాక ఈ ఐదో కలం రాయిస్తున్నాను. నాలుగో కలం చెల్లదు, కానీ కొట్టేయకండి. ఆ చేను అతని కూతురు జీవమ్మకు. సాక్షి కూతురికి చెల్లుతుందట. ఆ పిల్ల నాకు చేసిందేమీ లేదు. పోయేదాన్ని, ఆమె వల్ల నాకు రాబోయేదీ లేదు. మరి ఎందుకిచ్చిందని ఎవరైనా అడిగితే, హులిగెమ్మకే తెలియదని చెప్పండి.

6. దీన్ని అమలు జరపాల్సింది రసూల్ సాహెబ్. రాతకూలి ముందే అడిగి తీసుకున్నాడు, అందుకే నమ్ముతున్నాను.

1938 మార్చి 7, బండపల్లె.

హులిగెమ్మ, ఎడమచేతి వేలిముద్ర.

సాక్షులు:
అబ్దుల్ కరీం, బట్టల వర్తకుడు, సంతకం.
లేవి, వేలిముద్ర. ఐదో కలం విని, సిరా ఆరిపోయేదాకా కూర్చుని, మళ్లీ పూసుకుని వేశాడు.

వ్రాసినది: రసూల్ సాహెబ్.